ఆదివారం వేసే ప్లాన్, బుధవారం వండే మనిషి

ప్రశ్న

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. ఐదు పేజీలుంది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమె వయసు 36. ఇంట్లో ఐదుగురు: ఆమె, భర్త, షుగర్ ఉన్న అత్తగారు, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. భార్యాభర్తలు ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు. ఆరు నెలల కిందట భర్తకు ఓవర్‌టైమ్ ఆగిపోయింది. తిండి ఖర్చుకని పక్కన పెట్టే డబ్బు నాలుగో వంతు తగ్గింది. అదే నెలలో పాపకు రక్తం తక్కువగా ఉందని తేలింది. డాక్టరు ఐరన్ మందు రాసి, తిండి మీద కూడా శ్రద్ధ పెట్టమన్నారు. ఆ మాట ఈమెకు గుచ్చుకుంది. అప్పటి నుంచి వీడియోలు చూసి నోట్సు రాసుకోవడం, ప్రతి ఆదివారం పొద్దున కూర్చుని వారంలోని 21 పూటలకూ 21 రకాల వంటలు ప్లాన్ చేయడం, ఆ లిస్టు పట్టుకుని బజారుకు వెళ్లడం మొదలుపెట్టారు.

సోమ, మంగళవారాలు బాగానే గడుస్తాయి. బుధవారం ఆఫీసు నుంచి ఇంటికి చేరేసరికి రాత్రి ఏడు. ఆ రోజు ప్లాన్‌లో ఉన్న వంటకు పన్నెండు దినుసులు కావాలి. ఓపిక ఉండదు, బయటి నుంచి తెప్పిస్తారు. గురువారానికి ఆకుకూర పసుపెక్కుతుంది. 20వ తేదీకి డబ్బు అయిపోతుంది. మిగిలిన పది రోజులూ క్రెడిట్ కార్డు. నాలుగు నెలలుగా కార్డు మీద బాకీ పెరుగుతోంది. ఆ సంగతి భర్తకు తెలియదు. ఆయనేమో రోజూ సాయంత్రం పిల్లలకు చిప్స్, కూల్‌డ్రింకు తెస్తారు. ఏమన్నా అంటే, "ఆరోగ్యం పేరుతో నువ్వు పెట్టే ఖర్చు ముందు ఇదెంత?" అంటారు. అత్తగారు, "మేం ఈ లెక్కలేవీ లేకుండానే పిల్లల్ని పెంచలేదా?" అంటారు.

ఒక నెల బిల్లులన్నీ కూడి పంపారు. మొత్తం వంద అనుకుంటే బియ్యం, పిండి, నూనె లాంటివి 24; పప్పులు, గుడ్లు, పాలు 19; కూరగాయలు, పండ్లు 21; చియా గింజలు, క్వినోవా, ప్రోటీన్ పొడి లాంటి "హెల్తీ" సరుకులు 14; బయటి భోజనాలు 13; భర్త తెచ్చే చిప్స్, కూల్‌డ్రింకులు 9. కూరగాయల్లో మూడో వంతు పారేశానని ఆమే రాశారు. చివర్లో ఆమె ప్రశ్న: "తక్కువ డబ్బుతో ఆరోగ్యంగా తినడం అసలు కుదిరే పనేనా? లేక నాకే చేతకావడం లేదా?"

సమాధానం

ముందు మీ రెండో ప్రశ్న తీసుకుంటాను. ఉత్తరమంతా దాని చుట్టూనే తిరుగుతోంది. చేతకాని మనిషి నెల బిల్లులన్నీ దాచి, కూడి, పారేసిన దానితో సహా లెక్క రాసి పంపదు. ఆదాయం తగ్గేకొద్దీ అందులో తిండికి పోయే వాటా పెరుగుతుందని 1857లోనే ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంక నిపుణుడు కుటుంబాల ఖర్చులు పరిశీలించి చెప్పాడు (మార్క్స్ స్నేహితుడు ఎంగెల్స్ వేరు, ఈయన వేరు). 2022లో ప్రపంచంలో 280 కోట్ల మందికి పైగా ఆరోగ్యకరమైన ఆహారం కొనుక్కునే స్తోమత లేదని ఐక్యరాజ్యసమితి సంస్థలు అంచనా వేశాయి. కాబట్టి మీకు వచ్చిన ఇబ్బంది వింతేమీ కాదు. చేతిలో డబ్బు తగ్గినప్పుడు ఎవరికైనా ముందు బిగుసుకునేది వంటింటి ఖర్చే.

అయితే మీ లెక్కలో ఇంకో సంగతి ఉంది. హెల్తీ సరుకులు 14, బయటి భోజనాలు 13, పారేసిన కూరగాయలు 21లో మూడో వంతు అంటే 7. కలిపితే 34. మీ ఇంటికి తగ్గింది నాలుగో వంతు. చేతులారా జారిపోతున్నది మూడో వంతు. అదంతా మిగిలిపోతుందని ఆశ పెట్టను. బయటి భోజనం మానేస్తే ఆ పూట ఇంట్లో వండిన దానికీ ఖర్చవుతుంది. సగం మిగిలినా మీ 20వ తేదీ 24కో 25కో జరుగుతుంది. కాబట్టి కుదిరే పనే. పూర్తిగా కుదురుతుందా అంటే, కార్డు బాకీ తీరేదాకా కొన్ని నెలలు బిగువుగానే ఉంటుంది.

ఇక ప్లాన్ సంగతి. మీ ప్లాన్ వేసేది ఆదివారం పొద్దున కాఫీ తాగి, పిల్లలు ఇంకా లేవకముందు, ఫోన్‌లో అందమైన వంటలు చూస్తూ కూర్చున్న మనిషి. ఆవిడకు ఓపికుంది, ఉత్సాహముంది, గిన్నెలన్నీ కడిగి ఉన్నాయి. దాన్ని అమలు చేయాల్సింది బుధవారం రాత్రి ఏడింటికి చెప్పులు విప్పకుండానే సోఫాలో కూలబడే మనిషి. ఈ ఇద్దరికీ పరిచయం లేదు. మొదటావిడ రెండో ఆవిడను అడక్కుండా ఆవిడ మీద పనులు రాసేస్తోంది. మీరేమో ప్రతి గురువారం ఆ రెండో మనిషిని తిట్టుకుంటున్నారు. నేనైతే మొదటావిడనే కాస్త ఆపుతాను.

అంటే ప్లాన్ రాయడం బుధవారం నుంచి మొదలుపెట్టాలి. వారంలో మీరు బాగా అలిసిపోయే రెండు రాత్రులు ఏవో మీకు తెలుసు. ఆ రెండు రాత్రులకు ఇరవై నిమిషాల్లో అయ్యే, కళ్లు మూసుకుని చేయగలిగే వంట ఒక్కటి ఖాయం చేయండి. అన్నమో రొట్టో, గుడ్లు, తరిగిన క్యాబేజీ, క్యారెట్ వేపుడు. అంతే. ప్రతి బుధవారం అదేనా అని పాప మూతి ముడుచుకోవచ్చు, ముడుచుకోనివ్వండి. బుధవారమంటే గుడ్లే అని రెండు నెలల్లో అలవాటైపోతుంది. దాని వల్ల బయటి భోజనాల 13లో చాలా భాగం ఆగుతుంది. మిగతా ఐదు రాత్రుల గురించి తర్వాత ఆలోచించవచ్చు.

వాటిని ఎలా నడపాలన్న దానికి నాకు మూడు దారులు కనబడుతున్నాయి. మూడూ మంచివే, మూడింటికీ ఇబ్బందులున్నాయి.

ఒకటి, ప్లాన్ ఉంచుకుని దాన్ని చిన్నది చేయడం. 21 వంటలు వద్దు. పొద్దుటి పూటకు రెండే రకాలు, మార్చి మార్చి. మధ్యాహ్నం డబ్బాలోకి ముందు రాత్రి వండిన దాంట్లో మిగిలింది. ప్లాన్ చేయాల్సింది ఐదు రాత్రులకు మాత్రమే. అందులోనూ వంట పేరు రాయకండి, కూరగాయ ఎన్నాళ్లు నిలుస్తుందో చూసి వరస రాయండి. ఆకుకూరలు, టమాటాలు మొదటి రెండు రోజులు. బీన్స్, వంకాయ లాంటివి తర్వాత. క్యాబేజీ, క్యారెట్, గుమ్మడి, ఉల్లి లాంటి గట్టివి వారం చివరికి. ఈ ఒక్క మార్పుతో పారేసేది బాగా తగ్గుతుంది. ఇబ్బంది ఏమిటంటే విసుగు. కొత్త వంటలు చేయడం మీకు సరదా అని ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఆ సరదాకు ఆదివారం ఒక పూట ఉంచుకోండి. లేదంటే మూడో వారానికి మళ్లీ వీడియోల దగ్గరికి వెళ్తారు.

రెండు, ప్లానే మానేసి అల్మారా మీద ఆధారపడడం. బియ్యం, పిండి, రెండు మూడు రకాల పప్పులు, ఎండు శనగలు, రాజ్మా, గుడ్లు, ఉల్లి, నూనె, ఫ్రీజర్‌లో బఠానీలు. ఇవి ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి, అయిపోతున్నప్పుడు తలుపు మీద కాగితంలో రాసుకుంటారు. తాజా కూరలు వారానికి రెండుసార్లు, ఆ రోజు ఏది చవగ్గా ఉంటే అది కొని, వచ్చాక ఏం వండాలో అనుకుంటారు. డబ్బు ఎక్కువ మిగిలేది ఈ పద్ధతిలోనే. కాలంలో పండేది కొంటారు, లిస్టులో ఉందని ఖరీదైనది కొనరు. కానీ సాయంత్రం ఏడింటికి "ఇవాళ ఏం వండాలి" అన్న ప్రశ్న రోజూ ఎదురవుతుంది. కొంతమందికి అది లెక్కలోకే రాదు. కొంతమందికి వంట కన్నా ఆ ఆలోచనే ఎక్కువ బరువు. మీరు ఏ రకమో మీకే తెలుసు. నాకైతే మీరు రెండో రకమేమో అనిపించింది, ఉత్తరంలో "నిర్ణయాలు తీసుకుని తీసుకుని విసిగిపోయాను" అని రాశారు కాబట్టి.

మూడు, ఒక రోజు కూర్చుని సగం పని చేసి పెట్టుకోవడం. ఆదివారం శనగలో రాజ్మానో ఎక్కువగా ఉడికించి, సగం ఫ్రిజ్‌లో, సగం ఫ్రీజర్‌లో. కూరలు తరిగి డబ్బాల్లో. మీ ఉద్యోగానికి ఇది బాగా సరిపోతుంది. కానీ దీనికి ఆదివారం రెండున్నర గంటలు పోతాయి. ఆ రెండున్నర గంటలూ మీ ఒక్కరివే అయితే మాత్రం నేను ఒప్పుకోను. వారంలో మీకున్న ఒక్క సెలవు కూడా స్టవ్ ముందు గడుస్తుంది, రెండు నెలల్లో మొత్తం వ్యవహారం మీదే కోపం వస్తుంది. మీవారు ఉల్లిపాయలు తరుగుతారా? పాప బఠానీలు ఒలుస్తుందా? అవునంటే ఈ దారి చూడండి.

ఈ దారిలో వెళ్తే మూడు జాగ్రత్తలు. వండినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి, పొగలు వచ్చేలా వేడి చేసి తినాలి. అన్నం విషయంలో ఇంకాస్త గట్టిగా ఉండాలి. అన్నం బయట ఎక్కువసేపు ఉంటే అందులో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విషం తయారుచేస్తుంది. మళ్లీ ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. రాజ్మాను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లనివ్వాలి. సరిగ్గా ఉడకని రాజ్మా వాంతులు తెప్పిస్తుంది. కుక్కర్‌లో మెత్తగా ఉడికితే భయం లేదు.

ఇప్పుడు కొనడం గురించి. మీరు ఒక మాట రాశారు: "ఎలాగూ పారేస్తున్నాను కాబట్టి కూరగాయలు తగ్గించేద్దామనుకుంటున్నాను." దయచేసి ఆ పని చేయకండి. పదేళ్లు దాటిన వాళ్లు రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు 350, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు 250. మీ ఇంటికి లెక్క వేస్తే రోజుకు 1800 గ్రాములు, వారానికి 12 కేజీల 600 గ్రాములు. బంగాళాదుంప ఈ లెక్కలోకి రాదు, దాన్ని అన్నం పక్కన కూర్చోబెట్టాలి. మీరు వారానికి తొమ్మిది కేజీలు తెస్తున్నామన్నారు, మూడు పారేస్తున్నారు. అంటే కడుపులోకి వెళ్తున్నది ఆరు. తగ్గించాల్సింది కాదు, మార్చాల్సింది. ఆ తొమ్మిదీ నిలిచే రకాలుగా, రెండు విడతలుగా తెచ్చుకుంటే ఖర్చు పెరగకుండానే తినేది ఒకటిన్నర రెట్లవుతుంది. పన్నెండుకు తర్వాత చేరవచ్చు. ఫ్రోజెన్ కూరగాయలంటే మీకు అనుమానం ఉన్నట్టుంది. కోసిన వెంటనే గడ్డకట్టిస్తారు కాబట్టి పోషకాల్లో అవి తాజా వాటికి పెద్దగా తీసిపోవు. ఐదు రోజులు ఫ్రిజ్‌లో వాడిపోయిన బీన్స్ కన్నా నయం.

పారేసేది మీరొక్కరే కాదు లెండి. 2022లో ప్రపంచమంతా కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా చేసిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క కట్టింది. అందులో 60 శాతం ఇళ్లలోనే.

దాచే చోటు కూడా చూడండి. అరటిపళ్లు, యాపిల్స్, టమాటాలు పండేటప్పుడు ఎథిలీన్ అనే వాయువు వదులుతాయి, పక్కనున్న ఆకుకూర దాని వల్ల తొందరగా పసుపెక్కుతుంది. మీ గురువారం ఆకుకూర కథలో సగం ఇదే కావచ్చు. ఆకుకూరను పొడి బట్టలో చుట్టి వేరే అరలో పెట్టండి. ఉల్లిపాయల్నీ బంగాళాదుంపల్నీ ఒకే బుట్టలో వేయకండి.

ఆ 14 వంతుల హెల్తీ సరుకుల మీద నాకు కాస్త కోపంగానే ఉంది, మీ మీద కాదు. పాప గురించి భయపడుతున్న తల్లికి ఎవరేం అమ్మినా అమ్ముడుపోతుంది. అంకెలు చూడండి. వంద గ్రాముల క్వినోవాలో ప్రోటీన్ దాదాపు 14 గ్రాములు, వంద గ్రాముల పప్పులో 24. ఒక గుడ్డులో ఆరు, పావు లీటరు పాలలో ఎనిమిది. మీ నాలుగేళ్ల బాబుకు రోజుకు కావాల్సింది 15 నుంచి 20 గ్రాముల మధ్య. ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు, ఓ చిన్న గరిటెడు పప్పుతో అది పూర్తవుతుంది. ప్రోటీన్ పొడి డబ్బా ఎవరి కోసం కొన్నట్టు? అరవై కేజీల పెద్దమనిషికి రోజుకు 50 గ్రాములు చాలు. పప్పులో తక్కువగా ఉండే అమైనో ఆమ్లం (ప్రోటీన్ తయారయ్యే ముడిసరుకు) అన్నంలో, రొట్టెలో ఉంటుంది, వాటిలో తక్కువైంది పప్పులో ఉంటుంది, కాబట్టి రెండూ కలిస్తే లోటు ఉండదు. చియా గింజల్లో ఉన్న ఒమేగా 3 రకమే అవిసె గింజల్లోనూ ఉంది, పొడి చేసి వాడితే ఒంటబడుతుంది.

షాపులో ప్యాకెట్ ముందువైపు రాతలు చదవకండి, వెనక్కి తిప్పి బరువు చూడండి. కేజీకి ఎంత పడుతుందో లెక్క వేయండి. చాలాసార్లు పెద్ద ప్యాకెట్ చవక, కానీ ఎప్పుడూ కాదు. పైగా పురుగు పట్టే లోపు వాడగలిగితేనే చవక. "ఒకటి కొంటే ఒకటి ఉచితం" అన్న దాంట్లో రెండోది కుళ్లిపోతే అది ఉచితం కాదు, మొదటి దాని ధర పెంచినట్టే. బెస్ట్ బిఫోర్ అని ఉంటే ఆ తేదీ రుచికీ నాణ్యతకీ సంబంధించింది, దాటిన మర్నాడే పారేయనక్కర్లేదు. యూజ్ బై అని ఉంటే మాత్రం తేదీ దాటాక తినకూడదు. ఆకలితో బజారుకు వెళ్లకండి. ఈ మాట మీ అత్తగారు కూడా చెప్పే ఉంటారు.

పాప సంగతి. ఐరన్ మందు డాక్టరు చెప్పినన్నాళ్లూ వాడండి. రక్తం ఒకసారి తగ్గాక తిండి ఒక్కటే దాన్ని త్వరగా నింపలేదు. తిండితో చేయగలిగింది ఏమిటంటే, పప్పులు, శనగలు, ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి పట్టేలా చూడడం. దానికి పైసా ఎక్కువ ఖర్చు లేదు. భోజనంలోనే విటమిన్ సి ఉన్నది ఏదో ఒకటి ఉండాలి: నిమ్మరసం, టమాటా, క్యాప్సికమ్, జామ, నారింజ, ఏది దొరికితే అది. టీ, కాఫీ భోజనానికి గంట ఎడంగా ఉండాలి. ఐరన్ మందు పాలతో వేయకూడదు. మీరు కొన్న ఖరీదైన బెర్రీల కన్నా పప్పులో పిండిన నిమ్మకాయ మీ పాపకు ఎక్కువ పని చేస్తుంది.

బాబు కూర ముట్టడం లేదన్నారు. కొత్త రుచి ఒప్పుకోవడానికి పిల్లలకు పది పదిహేనుసార్లు దాన్ని చూడాల్సి, ముట్టాల్సి రావచ్చు. మీరు మూడోసారికే వదిలేసి ఇంకో రకం కొంటున్నారు. రోజూ కంచంలో ఒక్క ముక్క వేయండి, తినమని బతిమాలకండి, తినలేదని వేరే వంట చేయకండి. ఒక్క ముక్కే కాబట్టి పారేసినా నష్టం లేదు.

అత్తగారికి విడిగా వండుతున్నానన్నారు. రోజుకు రెండు వంటలు చేస్తే ఏ ప్లానూ నిలవదు. వంట ఒకటే ఉండనివ్వండి, కంచం వేరుగా వడ్డించండి: సగం కూరగాయలు, పావు వంతు పప్పో గుడ్డో, పావు వంతు అన్నమో రొట్టో. ఒక్క హెచ్చరిక. ఆవిడ మందులు లేదా ఇన్సులిన్ వాడుతుంటే, అన్నం ఒక్కసారిగా తగ్గించడం వల్ల షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది. తగ్గించే ముందు డాక్టరుతో మాట్లాడండి.

"మేం లెక్కలు లేకుండానే పెంచలేదా" అన్న మాటలో మీకు వెటకారం వినిపించింది. నాకు ఇంకోటి వినిపించింది. ఏళ్ల తరబడి ఒక వంటిల్లు నడిపిన మనిషికి ఇప్పుడు ఆ వంటింట్లో పని లేదు. పైగా ఏం తినాలో కోడలు ఫోన్ చూసి చెబుతోంది. తక్కువ డబ్బుతో ఇల్లు గడపడం ఆవిడకు మీకన్నా బాగా తెలిసి ఉండవచ్చు. "అత్తయ్యా, ఈ నెల డబ్బు తక్కువుంది, వారానికి రెండు రోజుల వంట మీరు చెప్పండి, నేను వండుతాను" అని అడిగి చూడండి. ఆవిడ చెప్పే వంటల్లో నూనె కాస్త ఎక్కువుంటుంది, మీకు కొంత మింగుడుపడదు. కానీ శనగలు నానబెట్టడం, ఆకుకూర వలవడం పగటిపూట జరిగిపోతాయి. మీ ఏడు గంటల కష్టం అక్కడే సగం తీరుతుంది.

అసలు చిక్కు మీవారి దగ్గరుంది, మీరు దాన్ని ఐదో పేజీ చివర్లో రెండు వాక్యాల్లో రాసి తేల్చేశారు. చిన్నప్పుడు తమ ఇంట్లో చిరుతిండి అన్నది చూడలేదని, అందుకే రోజూ ప్యాకెట్ లేకుండా ఇంటికి రాలేరని. ఇక ఆ ప్యాకెట్‌ను మీరు ఆరోగ్యం లెక్కలో చూస్తున్నారు, ఆయన ప్రేమ లెక్కలో చూస్తున్నారు. ఓవర్‌టైమ్ పోయాక ఆయన ఇంటికి తేగలిగింది అదొక్కటే అనుకుంటున్నారేమో. మీరు "చెత్త తెచ్చావు" అన్న ప్రతిసారీ ఆయనకు ఏం వినిపిస్తుందో ఆలోచించండి.

అలాగని అది మంచి తిండి అనడం లేదు. 330 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. విడిగా కలిపే చక్కెర మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నాలుగేళ్ల పిల్లవాడికి అది 30, 35 గ్రాములు. ఒక్క డబ్బాతో ఆ రోజు కోటా అయిపోయింది. ప్యాకెట్ తిండి కడుపు నింపదు కూడా. 2019లో అమెరికాలో 20 మందికి రెండు వారాలు అలాంటి బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలు తిండి కావలసినంత పెట్టి చూస్తే, ప్రాసెస్ చేసిన తిండి తిన్న రోజుల్లో రోజుకు సగటున 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. కానీ ఈ అంకెలు మీవారికి చదివి వినిపించకండి, పని చేయవు. ప్యాకెట్ బదులు ఆయన చేతుల మీదుగా ఇంకేదైనా ఇంటికి వచ్చేలా చేయండి. సాయంత్రం పండ్లు తెచ్చే పని పూర్తిగా ఆయనది. ఏ పండు, ఎంతకు, ఎక్కడ అన్నది ఆయన ఇష్టం, మీరు వంక పెట్టకూడదు. శనివారం ఒక్కరోజు చిప్స్. పిల్లలు ఎదురుచూసేది నాన్న చేతిలోని సంచీ కోసం, అందులో ఏముందన్నది వాళ్లకు తర్వాతి సంగతి. మొదటి వారం గోల చేస్తారు, అది మాత్రం ఖాయం.

ఇక కార్డు బాకీ. ఇక్కడా మీకు దారులున్నాయి. చెప్పకుండా మీ జీతంలోంచి నెమ్మదిగా తీర్చేయవచ్చు. గొడవ ఉండదు. కానీ కార్డు వడ్డీ మామూలు అప్పుల వడ్డీ కన్నా చాలా ఎక్కువ, మీరు నెలనెలా మినిమమ్ డ్యూ మాత్రమే కడుతున్నారు, అందులో పెద్ద భాగం వడ్డీకే పోతుంది. పైగా దాచిన విషయం లోపల ఉన్నంతకాలం ఆయన తెచ్చే ప్రతి ప్యాకెట్ మీద మీకు వచ్చే కోపం రెట్టింపవుతుంది. లేదా, కొత్త పద్ధతి నెల రోజులు నడిపి, కొంత మిగిల్చి చూపించి అప్పుడు చెప్పవచ్చు. పరువు నిలుస్తుంది. ఈలోగా ఆయనే స్టేట్‌మెంట్ చూస్తే మాత్రం దాచారన్నదే మిగులుతుంది, మిగిల్చారన్నది ఎవరూ వినరు. లేదా ఈ వారమే చెప్పేయవచ్చు. ఆ రాత్రి బాగుండదు. "నేను ముందే అనలేదా" అన్న మాట పడాల్సి వస్తుంది.

నా మొగ్గు మూడో దాని వైపే. ఎందుకంటే ఐదుగురి తిండి డబ్బు నాలుగో వంతు తగ్గితే ఆ తగ్గుదల ఐదుగురికీ తెలియాలి. మీరొక్కరే దాన్ని కార్డుతో కప్పి, ఎవరికీ ఏమీ తగ్గలేదన్నట్టు నడిపారు. అందుకే ఆయనకు మీ ఖర్చు దుబారాలా కనబడుతోంది. నాకు పంపిన ఆ వంద వంతుల కాగితమే ఆయన ముందు పెట్టండి. మీ 14తో మొదలుపెట్టండి, ఆయన 9తో కాదు. మీ ఉత్తరంలో చిరాకు కనబడింది గానీ భయం కనబడలేదు, ఆ నమ్మకంతోనే ఇలా చెబుతున్నాను. డబ్బు విషయంలో ఆయన చేయి చేసుకునే మనిషే అయితే నా సలహా ఇది కాదు. ఒంటరిగా చెప్పవద్దు, మీరు నమ్మే మరో మనిషి పక్కన ఉన్నప్పుడే ఆ మాట ఎత్తండి. నాకు మళ్లీ రాయండి.

అన్నీ ఒకే నెలలో మొదలుపెట్టవద్దు. మొదటి నెల బుధవారం వంట, కూరగాయల వరస, ఆయనతో మాట. ఈ మూడే. అత్తగారి రెండు రోజులు, బాబు ఒక్క ముక్క తర్వాత.

అలమరలో మిగిలిన డబ్బాల గురించి కూడా అడిగారు. క్వినోవాను బాగా కడిగి బియ్యంతో సగం సగం కలిపి వండేయండి, అయిపోతుంది. చియా గింజలు పెరుగులో బాగా నానబెట్టి వాడండి, బాబుకు పొడిగా మాత్రం పెట్టకండి, గొంతులో ఉబ్బి అడ్డం పడతాయి. సీలు తీయని ప్రోటీన్ పొడి డబ్బా ఒకటి ఉందన్నారు కదా, బిల్లు మీ దగ్గరే ఉంది. వెనక్కి తీసుకుంటారేమో రేపే అడగండి.